రాజు వెనక్కి వెళ్ళి చూడండి: కైరో తహ్రీర్ మ్యూజియం రివ్యూ

గీజాలో కొత్త గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం 2025 నవంబరులో పూర్తిగా తెరుచుకుంది. దాంతో కైరో నడిబొడ్డున తహ్రీర్ స్క్వేర్‌లో ఉన్న పాత గులాబీరంగు మ్యూజియాన్ని టూర్ ప్యాకేజీలవాళ్ళు లిస్టులోంచి తీసేయడం మొదలుపెట్టారు. బంగారు ముసుగుతో పేరుపడ్డ రాజు టుటన్‌ఖామూన్ సామానంతా కొత్తదానికి తరలిపోయింది. రాజుల మమ్మీలు 2021 ఏప్రిల్‌లోనే ఊరేగింపుగా ఫుస్తాత్‌లోని ఈజిప్టు నాగరికతా మ్యూజియంకి వెళ్ళిపోయాయి. ఇంక అక్కడేం మిగిలిందన్నది వాళ్ళ లెక్క. బంగారం కోసం వెళ్ళేవాళ్ళకి ఆ లెక్క సరిపోతుంది. ఫారోల, అంటే ప్రాచీన ఈజిప్టు రాజుల, విగ్రహాలు చూడాలనీ, వాటి మీద ఉన్న రాజచిహ్నాలు అర్థం చేసుకోవాలనీ వెళ్ళేవాళ్ళు మాత్రం ముందు తహ్రీర్‌కే వెళ్ళాలి. కొత్తది ఆ తర్వాత.

మార్కులు ముందే చెప్పేస్తే: విగ్రహాలకి 5కి 5. వెలుతురుకి 3. పక్కన పెట్టిన వివరాల పలకలకి 2, అదీ కొన్ని గదుల్లో కొత్తవి పెట్టారు కాబట్టి. గేటు దగ్గర మీద పడే గైడ్ల సంగతి కింద చెప్తాను.

తహ్రీర్‌కి ఎందుకు అంత మొగ్గు అంటే, ఈజిప్టు రాజవిగ్రహంలో ముఖం చెప్పేది తక్కువ. అసలు మాటంతా తలగుడ్డలో, గడ్డంలో, చేతిలో, సింహాసనం పక్కల్లో, వీపు వెనక రాతిపట్టీలో ఉంటుంది. ఎదురుగా నిలబడి సెల్ఫీ తీసుకుని కదిలిపోతే అందులో సగం కూడా కంటపడదు. చుట్టూ తిరగడానికి చోటుండాలి, దగ్గరికి పోనివ్వాలి, విగ్రహం మరీ ఎత్తున ఉండకూడదు. ఈ మూడూ కుదిరే విగ్రహాలు ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

టికెట్టు 2025లో విదేశీ పెద్దవాళ్ళకి 550 ఈజిప్షియన్ పౌండ్లు, గ్రాండ్ మ్యూజియంకి 1,450. చదువుకునేవాళ్ళకి కార్డు చూపిస్తే రెండుచోట్లా దాదాపు సగం. ప్రభుత్వ కౌంటర్లలో నగదు తీసుకోవడం చాలావరకు మానేశారు, అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసిన కార్డు దగ్గర ఉంచుకోండి. ఫోన్‌తో ఫొటోలు తీసుకోనిస్తారు, ఫ్లాష్ మాత్రం వద్దంటారు. కింది అంతస్తు ఒక్కటి సరిగ్గా చూడాలంటే మూడు గంటలు పెట్టుకోండి. లోపలికి రాగానే ఎడమచేతి వైపు మొదలుపెట్టి సవ్యదిశలో తిరిగితే కాలక్రమం దానంతటదే కుదురుతుంది: పాత రాజ్యం, మధ్య రాజ్యం, కొత్త రాజ్యం అనే యుగాలు, ఆ తర్వాతివి. 1902లో ఫ్రెంచి వాస్తుశిల్పి మార్సెల్ దూర్న్యోఁ కట్టిన భవనం ఇది, పైకప్పు అద్దాల్లోంచి పగటి వెలుతురు పడేలా కట్టాడు. ఎండ కదిలేకొద్దీ రాతి మీద నీడ కదులుతుంది. లోతు తక్కువ చెక్కడాలు పది గంటలకి కనపడకపోతే పన్నెండింటికి కనపడతాయి. అందుకని ముఖ్యమైన విగ్రహాలు వెళ్ళేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఇంకోసారి చూడండి. వేసవి మధ్యాహ్నాల్లో లోపల బాగా ఉక్కపోస్తుంది, పొద్దున్నే వెళ్ళడం మేలు.

మొదట ఈజిప్టు తొలి రాజుల్లో ఒకడైన నార్మర్ పలక. ఇది విగ్రహం కాదు, 64 సెంటీమీటర్ల పొడవున్న రాతిపలక, క్రీ.పూ. 3100 ప్రాంతానిది. కానీ రాజచిహ్నాల అక్షరమాల ఇక్కడే నేర్చుకోవాలి. ఒకవైపు రాజు తల మీద పొడుగ్గా, సీసాలా ఉన్న తెల్లకిరీటం. రెండోవైపు అదే రాజుకి వెనక నిటారుగా లేచి ముందుకి తీగచుట్ట వచ్చిన ఎర్రకిరీటం. తెల్లది ఎగువ ఈజిప్టుది, ఎర్రది దిగువ ఈజిప్టుది. మ్యాపులో చూసి ఇక్కడే చాలామంది తికమకపడతారు, ఎగువ అంటే దక్షిణం, దిగువ అంటే ఉత్తరాన సముద్రం వైపు డెల్టా. కృష్ణా నీళ్ళ గొడవల్లో ఎగువ రాష్ట్రం, దిగువ రాష్ట్రం అంటుంటాం కదా, అదే లెక్క: నది వచ్చే వైపు ఎగువ. ఈ రెండు కిరీటాలూ ఒకదాంట్లో ఒకటి దూర్చితే జంటకిరీటం. నార్మర్ నడుముకి వెనక వేలాడుతున్న తోకని కూడా చూసి పెట్టుకోండి. అది ఎద్దు తోక. మూడు వేల ఏళ్ళ దాకా రాజుల నడుముని వదల్లేదు. కూర్చున్న విగ్రహాల్లో చాలావాటికి రెండు కాళ్ళ మధ్య సన్నటి పట్టీలా దిగేది అదే. ఏదో బట్ట అంచనుకుని వదిలేస్తుంటారు.

పక్కనే జోసెర్ విగ్రహం. సక్కారా మెట్ల పిరమిడ్ కట్టించిన రాజు, సున్నపురాయి, ఎత్తు 142 సెంటీమీటర్లు. ఈజిప్టులో దొరికిన నిలువెత్తు రాజవిగ్రహాల్లో ఇదే మొట్టమొదటిది. కళ్ళున్నచోట గుంటలు మాత్రమే ఉన్నాయి, పొదిగిన కళ్ళని దొంగలు పెకలించుకుపోయారు. ఒంటికి పట్టేసినట్టున్న దుప్పటి లాంటి అంగీ పట్టాభిషేక జూబిలీ పండుగలో వేసుకునేది. తల మీద పెద్ద విగ్గు, దాని మీద చారల తలగుడ్డ. తర్వాతి రాజులందరి తల మీదా కనిపించే నెమెస్ అనే ఆ తలగుడ్డ ఇంకా తొలిరూపంలో ఉంది. నుదుటి మీద నాగుపాము ఇంకా రాలేదు. పీఠం మీద జోసెర్ అన్న పేరు వెతక్కండి, దొరకదు. అక్కడ ఉన్నది నెత్జెరిఖెత్. ఆయన బతికుండగా వాడిన పేరు అదే, జోసెర్ అని పిలవడం ఎన్నో తరాల తర్వాత వచ్చింది. సక్కారాలో ఈ విగ్రహం దొరికిన రాతిగదిలో ఇప్పుడు నకలు కూర్చోబెట్టారు. గోడకి రెండు కన్నాలుంటాయి, రాజు అందులోంచి ఉత్తర ఆకాశాన్ని చూసేలా. సక్కారా వెళ్ళినప్పుడు ఆ కన్నాల్లో కన్ను పెట్టి చూడటం మర్చిపోకండి.

ఇక ఖఫ్రే. టికెట్టు డబ్బులు ఈ ఒక్క విగ్రహంతో చెల్లు.

గీజాలో రెండో పిరమిడ్ ఈయనదే. 1860లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త ఒగ్యూస్త్ మారియెట్ ఆ పిరమిడ్‌కి చెందిన లోయ ఆలయంలోని గుంటలోంచి ఈ విగ్రహాన్ని బయటికి తీశాడు. ఎత్తు 168 సెంటీమీటర్లు. వివరాల పలకల మీదా పుస్తకాల్లోనూ దీని రాయి డయొరైట్ అని రాస్తుంటారు. భూగర్భశాస్త్రవేత్తల లెక్కలో ఇది అనార్థొసైట్ నైస్. అబూ సింబెల్‌కి వాయవ్యంగా ఎడారిలో ఉన్న గనినుంచి తెచ్చారు, అంటే గీజాకి దక్షిణాన ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. దగ్గర్లో గట్టి రాయి దొరక్క కాదు అంత దూరం పోయింది. ఈ రాయి మీద నేరుగా ఎండ పడితే లోపల్నుంచి లేత నీలం కాంతి వస్తుంది. మ్యూజియం వెలుతురులో ఆ నీలం రాదు, ఇది ఈ గదికున్న నిజమైన లోటు. ఒక్క సరైన దీపం పెట్టినా చాలు, వందేళ్ళు దాటినా ఆ పని జరగలేదు.

ఎదురుగా నిలబడితే కనిపించేది ఇది: చారల తలగుడ్డ, నుదుటి మీద పడగ విప్పిన పాము, తిన్నటి పొట్టి గడ్డం, మడతల పంచె, కుడిచెయ్యి పిడికిలి, ఎడమచెయ్యి తొడ మీద చాచి ఉంది. ఎడమవైపు ముంజేయీ కాలూ విరిగిపోయాయి. ఇప్పుడు మెల్లగా కుడిపక్కకి జరగండి. తలగుడ్డ వెనకనుంచి ఒక రెక్క బయటపడుతుంది, ఇంకో రెండడుగులు వేస్తే డేగ మొత్తం. హోరస్ దేవుడు రాజు మెడ వెనక కూర్చుని రెండు రెక్కలతో తలని పొదివి పట్టుకున్నాడు. ఎదుటి నుంచి చూసేవాడికి రాజు ఒక్కడే, పక్కనుంచి చూసేవాడికి దేవుడూ రాజూ వేరు చెయ్యలేనంతగా కలిసిపోయి ఉంటారు. రాజు బతికున్నన్నాళ్ళూ హోరస్ అవతారమే అన్నది వాళ్ళ నమ్మకం. శిల్పి ఆ మాటని ఎక్కడా రాయలేదు, డేగ తోకా సింహాసనం వీపూ కలిసిన చోట చూపించేశాడు. ఫొటో తీస్తే పక్కనుంచి, విగ్రహం చెవి ఎత్తుకి ఫోన్ ఎత్తి తియ్యండి. నెట్‌లో ఉన్న ఎదురు ఫొటోలకంటే అది వందరెట్లు నయం.

డేగ దగ్గరే ఆగిపోయి కింద ఉన్న చెక్కడాన్ని వదిలేసేవాళ్ళే ఎక్కువ. సింహాసనం రెండు పక్కలా మధ్యలో నిలువుగా ఒక గొట్టం, దాని కింద ఉబ్బుగా ఒక ముద్ద ఉంటుంది. అది గాలిగొట్టంతో సహా ఊపిరితిత్తులు. 'కలపడం' అన్న మాటకి ఈజిప్టు లిపిలో ఆ బొమ్మే గుర్తు. దానికి రెండు మొక్కల కాడలు ముడివేసి ఉంటాయి: గొడుగులా విచ్చుకున్నది పాపిరస్, దిగువ ఈజిప్టు మొక్క, మొగ్గలా ఉన్నది ఎగువ ఈజిప్టుది, కలువ అంటారు, లిల్లీ అనేవాళ్ళూ ఉన్నారు. రెండు దేశాల్నీ ఒక్క ఊపిరికి కట్టేసిన ముడి మీద రాజు కూర్చున్నాడన్నమాట. ఈ గుర్తు పేరు సెమా తావీ. ఒకసారి పట్టుకున్నారంటే తర్వాత రెండు వేల ఏళ్ళ సింహాసనాల మీద వరసగా దొరుకుతూనే ఉంటుంది. సింహాసనం ముందుకాళ్ళకి పైన సింహం తలలున్నాయి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో టుటన్‌ఖామూన్ సింహాసనం నకలు చూసినవాళ్ళకి ఇవి కొత్త కాదు, మధ్యలో పన్నెండు వందల ఏళ్ళు దాటినా అదే ఆనవాయితీ.

విగ్రహంలో చేతికీ ఒంటికీ మధ్య ఖాళీ లేదు, రాయి అలాగే వదిలేశారు. చేతకాక అలా వదల్లేదు. గ్రానైటూ నైసూ రాగి ఉలికి లొంగవు. ఇంకా గట్టి డోలరైట్ గుండ్లతో కొట్టి కొట్టి పొడి రాలుస్తారు, ఇసుకతో రుద్ది నునుపు చేస్తారు. అలాంటి రాయిలో సన్నగా విడదీసిన భాగం మొదటి దెబ్బకే పోతుంది. అందుకే వీపు వెనక పట్టీ, కాళ్ళ మధ్య గోడ, గడ్డానికీ ఛాతీకీ మధ్య రాతి వంతెన. ఇవి తెలిస్తే విరిగిన విగ్రహం కూడా చదవొచ్చు. గడ్డం లేని విగ్రహం చూడగానే చుబుకం కింద, ఛాతీ పైన గరుకు మచ్చ ఉందేమో చూడండి. ఉంటే గడ్డం ఉండి ఊడిందని అర్థం. నుదుటి మీద చిన్న రంధ్రమో విరిగిన మొదలో ఉంటే అక్కడ పాము ఉండేది. ముక్కుల సంగతి వేరు. ముందుకి పొడుచుకు వచ్చినవి పడిపోయినప్పుడు ముందు పోతాయి, కానీ ఉలి గాటు స్పష్టంగా కనిపించేవీ ఉన్నాయి. విగ్రహంలో ప్రాణం నిలవకుండా చెయ్యడానికి ముక్కు కొట్టేయడం ఆ కాలంలోనే ఉంది.

ఖఫ్రే దాటాక మెన్‌కౌరే ముగ్గురేసి విగ్రహాలు. 1908లో జార్జ్ రైస్నర్ మూడో పిరమిడ్ లోయ ఆలయంలో తవ్వి తీసినవి, ఒక్కోటి మీటరుకి కొంచెం తక్కువ ఎత్తు, గ్రేవాక్ రాయి. మధ్యలో తెల్లకిరీటంతో రాజు, ఒకపక్క కొమ్ముల మధ్య సూర్యబింబంతో హాథోర్ దేవత, ఇంకోపక్క ఒక జిల్లా దేవత. ఏ జిల్లానో తల మీది గుర్తు చెప్తుంది: నక్క ఉన్నది సైనోపొలిస్, ఆవుచెవుల ముఖం ఉన్నది డియోస్పొలిస్ పర్వ. మూడోదాంట్లో జిల్లా దేవుడు మగవాడు, అది థీబ్స్. రాజు ఎడమకాలు ముందుకేసి నిలబడ్డాడు, పక్కవాళ్ళ అడుగు చిన్నది లేదా అసలు లేదు. ఎవరి అడుగు పెద్దదో వాడే రాజు, ఇంతకన్నా సులభమైన సూచన ఉండదు. గైడ్లు ఎడమకాలు గుండె వైపు కాబట్టి ముందుకు పెట్టారంటారు. చెప్పడానికి బాగుంటుంది కానీ పురాతన రాతల్లో దానికి ఆధారమేమీ లేదు.

ఒక మూల గాజుపెట్టెలో ఖుఫూ. మహా పిరమిడ్ కట్టించిన రాజుకి పూర్తిగా మిగిలిన ఒకే ఒక్క బొమ్మ, దంతంతో చేసింది, ఎత్తు 7.5 సెంటీమీటర్లు. 1903లో ఫ్లిండర్స్ పెట్రీ అబైడోస్‌లో మొండెం దొరికాక తల కోసం మట్టి జల్లెడ పట్టించాడు. ఎర్రకిరీటమూ, చేతిలో కొరడా, సింహాసనమూ అన్నీ ఉన్నాయి. భారీ విగ్రహంలో ఉండాల్సిన చిహ్నాలు వేలెడంత దాంట్లోనూ పట్టాయి. జనం మూగి ఉంటే కాసేపు ఆగండి, గుంపు వెళ్ళేదాకా.

మధ్య రాజ్యం గదుల్లోకి రాగానే మెంటుహోటెప్ 2, అంటే ఆ పేరున్న రెండో రాజు. నల్లటి ఒళ్ళు, ఎర్రకిరీటం, తెల్లటి జూబిలీ అంగీ, దిమ్మెల్లాంటి కాళ్ళు. పురావస్తు తవ్వకాలు చేసే హోవార్డ్ కార్టర్ గుర్రం కాలు నేలలో దిగబడితే, ఆ గోతిలో తవ్వగా 1900లో బయటపడింది. ఇక్కడ మాట్లాడేది రంగు. నలుపు నైలు వరద తెచ్చే ఒండ్రుమట్టిది, చచ్చి లేచిన ఒసైరిస్ దేవుడిది. చేతులు ఛాతీ మీద అడ్డంగా కట్టుకున్నాడు, గడ్డం కొస వంకర తిరిగింది. ఖఫ్రే గడ్డం తిన్నగా ఉంది కదా. తిన్నటిది పాలిస్తున్న రాజుకి, కొస వంగింది దేవుళ్ళకీ ఒసైరిస్‌గా మారిన రాజుకీ. రెండూ ఒకే అంతస్తులో ఉన్నాయి కాబట్టి ఫోన్‌లో పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇక్కడి నుంచి మ్యూజియం మీద కోపం వచ్చే భాగం. డెల్టాలోని టానిస్‌లో దొరికిన బూడిదరంగు గ్రానైట్ సింహాలున్నాయి, మనిషి ముఖం, చుట్టూ సింహపు జూలు, తలగుడ్డ లేదు. మారియెట్ వీటిని బయటినుంచి వచ్చి ఏలిన హిక్సోస్ రాజులవనుకున్నాడు. నిజానికి అమెనెమ్‌హట్ 3 చెక్కించినవి, క్రీ.పూ. 19వ శతాబ్దం. ఆ తర్వాత రామ్సెస్ 2, మెరెన్‌ప్తా, సుసెన్నెస్ 1 ఒకరి తర్వాత ఒకరు తమ పేర్లు చెక్కించుకున్నారు. ఛాతీ మీదా పీఠం మీదా వేర్వేరు చేతిరాతలు కంటికి తెలుస్తాయి. రాజచిహ్నాల్లో అతి ముఖ్యమైనది ముఖమో కిరీటమో కాదు, కార్టూష్ అనే కోలగీతలో ఉన్న పేరు అని ఇంత గట్టిగా చూపించే వస్తువు ఇంకోటి లేదు. పేరు మార్చేస్తే విగ్రహం చేతులు మారినట్టే. కానీ ఏ పేరు ఎక్కడుందో చూపించే చిన్న బొమ్మ కూడా పక్కన లేదు. పట్టుకునే పద్ధతి ఇది: కోలగీత లోపల నేల చుట్టుపక్కల రాయికంటే గుంటగా ఉంటే పాత పేరు చెక్కేసి కొత్తది వేశారని అనుమానించండి. అక్షరాలు వేలు దూరేంత లోతుగా ఉంటే ముందు రామ్సెస్ 2ని అనుమానించండి. తర్వాతివాళ్ళు తన పేరు చెరిపేస్తారని ఆయనకి తెలుసు, తను చేసిన పనే కదా.

కొత్త రాజ్యంలో హాచెప్సుత్ దగ్గర గడ్డం మళ్ళీ పనికొస్తుంది. ఆమె ఆడమనిషి, రాణి హోదాలో కాక ఫారోగానే పాలించింది. అందుకే గడ్డం, తలగుడ్డ, పంచె అన్నీ రాజువే పెట్టుకుంది. చెవుల పక్కనుంచి వచ్చే పట్టీ చూస్తే గడ్డం కట్టుకున్నదని తెలుస్తుంది. మగ రాజులదీ కట్టుకున్నదే, ఎవరికీ పెరిగింది కాదు. ఇది హోదా గుర్తు కాబట్టి ఆమెకీ ఉంది.

అఖెనాటెన్ ఇసుకరాతి విగ్రహాలు కర్నాక్‌కి తూర్పున 1925లో బయటపడిన ఆలయంలోవి. పొడుగు ముఖం, బాన పొట్ట, వెడల్పు తొడలు చూసి ఆయనకేం జబ్బు అని వాదించుకోవడం అందరికీ సరదా. ఆ గోల పక్కనపెట్టి చేతులు చూడండి: కొంకి కర్ర, కొరడా. గొర్రెలకాపరి కొంకి కర్ర పాలనకీ, కొరడా రాజు అధికారానికీ గుర్తులు. దేవుళ్ళందర్నీ తోసేసిన రాజు కూడా ఈ రెంటినీ వదల్లేదు. మణికట్టు మీదా ఛాతీ మీదా చిన్న చిన్న పలకల్లో కోలగీతలున్నాయి, అవి రాజు పేరువి కావు, సూర్యబింబమైన ఆటెన్ దేవుడివి. దేవుడికి రాజులాగా కోలగీత పెట్టడం అప్పటిదాకా లేని పని. విప్లవం ఎక్కడ జరిగిందో పొట్టలోకంటే ఆ పలకల్లో బాగా తెలుస్తుంది.

హాలు నడిమధ్యలో అమెన్‌హోటెప్ 3, రాణి తీయే. మెదీనెత్ హాబూలో దొరికిన ముక్కల్ని అతికించిన సున్నపురాతి జంట, ఎత్తు ఏడు మీటర్లు. రాణి రాజుతో సమానమైన ఎత్తులో కూర్చుంది. భార్యలు రాజు మోకాలి దగ్గరికొచ్చే విగ్రహాలు ఇదే దేశంలో కొల్లలు, అందుకే ఇది పెద్ద సంగతి. కాళ్ళ దగ్గర కూతుళ్ళు మాత్రం చిన్నగానే ఉన్నారు. కింద నుంచి చూస్తే మోకాళ్ళు తప్ప ఏమీ తెలియవు. పై అంతస్తు వరండాకి వెళ్ళి ఎదురుగా నిలబడండి, అప్పుడు తలలు మీ ఎత్తుకి వస్తాయి. ఏ రాయి అసలుదో, ఏది తర్వాత సిమెంటుతో నింపిందో కూడా అక్కణ్ణుంచే తెలుస్తుంది.

గైడ్ల విషయం. గేటు బయట 'ప్రభుత్వ గైడ్' అని కార్డు తిప్పేవాళ్ళలో నిజంగా లైసెన్సున్నవాళ్ళు ఉంటారు, లేనివాళ్ళూ ఉంటారు. ధర ముందే మాట్లాడుకోవడం ఒక్కటే చాలదు, 'కింది అంతస్తు మాత్రమే, రాజవిగ్రహాలు మాత్రమే, రెండు గంటలు' అని పనికూడా ముందే చెప్పండి. లేకపోతే నలభై నిమిషాల్లో పై అంతస్తు శవపేటికల దగ్గరికి లాక్కుపోతారు. పరీక్షించడానికి ఒక ప్రశ్న చాలు: స్ఫింక్స్ ముక్కు ఎవరు కొట్టారు? నెపోలియన్ అన్నవాళ్ళకి దణ్ణం పెట్టేయండి. నెపోలియన్ పుట్టకముందే, 1737లో ఈజిప్టు వచ్చిన డేనిష్ యాత్రికుడు నోర్డెన్ వేసిన బొమ్మలోనే ఆ ముక్కు లేదు.

పలకలు 2 మార్కులకి ఆగిపోవడానికి కారణముంది. 2019లో యూరోపియన్ యూనియన్ డబ్బుతో, టూరిన్, లూవ్ర్, బ్రిటిష్ మ్యూజియం, బెర్లిన్, లైడెన్ మ్యూజియాల సాయంతో మార్పులు మొదలయ్యాయి, ఆ గదుల్లో పలకలు చదివేలా ఉన్నాయి. మిగతాచోట్ల పేరు, రాయి, దొరికిన ఊరు, అంతే. చిహ్నాల గురించి ఒక్క ముక్క ఉండదు.

ఇప్పుడు గ్రాండ్ మ్యూజియం. విగ్రహాల కోసం అక్కడ చూడాల్సినవి మూడు. ముఖద్వారం ముందు వేలాడే ఒబెలిస్క్ (నిలువు రాతిస్తంభం) కింద నిలబడి తల ఎత్తండి: అద్దంలోంచి రాతి అడుగున రామ్సెస్ 2 కోలగీత కనిపిస్తుంది. నేలలోకి పోయే వైపు, మనిషి కంటికి ఎప్పటికీ కనపడని చోట కూడా పేరు చెక్కించుకున్నాడు. లోపల 11 మీటర్ల రామ్సెస్, 83 టన్నులు. 1820లో మిత్ రహీనా అనే ఊళ్ళో ఆరు ముక్కలుగా దొరికి, 1955 నుంచి కైరో రైల్వేస్టేషన్ ముందు నిలబడి, బండ్ల పొగకీ అదురుకీ తట్టుకోలేక 2006లో గీజాకి వచ్చి, 2018 జనవరిలో ఈ హాల్లోకి చేరింది. కాళ్ళ దగ్గర నిలబడి ఫొటో తీస్తే కిరీటం నలిగిపోయినట్టు వస్తుంది, వెనక్కి గోడదాకా జరిగి జూమ్ చెయ్యండి. మూడోది మహామెట్ల మీద లిష్త్‌లో దొరికిన మొదటి సెనుస్రెత్ రాజు విగ్రహాలు, మొత్తం పది. ఖఫ్రే దగ్గర నేర్చుకున్న ముడి ఇక్కడ పెద్దదై ఉంటుంది, కాడల్ని పట్టి లాగుతూ కొన్నిట్లో హోరస్, సేత్ దేవుళ్ళున్నారు, మిగతావాటిలో నైలు దేవతలు. తహ్రీర్ చూడకుండా వస్తే ఇది ఏదో అలంకారమనిపిస్తుంది. చలవ గది, శుభ్రమైన మరుగుదొడ్లు, చక్రాల కుర్చీకి దారులు, వీటన్నిట్లో పాతది కొత్తదానికి కాలిగోటికి కూడా సరిపోదు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఆ సంగతి గుర్తుంచుకోండి.

నిలబడ్డ రామ్సెస్‌లో కనపడనివి కనపడాలంటే మిత్ రహీనాకి వెళ్ళండి, సక్కారా దారిలోనే. అదే రాజు, ఈసారి సున్నపురాయి, సుమారు పది మీటర్లు, కాళ్ళు కింద విరిగిపోయి వెల్లకిలా పడుకుని ఉంటాడు. చుట్టూ కట్టిన పై వరండాలోంచి చూస్తే భుజం మీద కోలగీత, మణికట్టు మీద ఇంకోటి, నడుము పట్టీలో దోపిన బాకు, దాని పిడికి రెండు డేగ తలలు, అన్నీ తీరుబడిగా చూడొచ్చు. జనం పావుగంటలో తేల్చేసి వెళ్ళిపోతారు కాబట్టి ఖాళీగా కూడా ఉంటుంది.

చివరగా నకళ్ళు కొనేవాళ్ళకి. బజార్లో బసాల్ట్ అని అమ్మే నల్ల రాజుల్లో చాలావరకు రాతిపొడి కలిపిన రెజిన్. చేత్తో పట్టుకుంటే రాయి చల్లగా ఉండి నెమ్మదిగా వేడెక్కుతుంది, రెజిన్ వెంటనే వేడెక్కుతుంది. అడుగున అచ్చు అతుకు గీత, సన్నని గాలిబుడగలు కనిపిస్తాయి. కుడికాలు ముందుకేసిన రాజు, ఊరికే గీతలు గీసిన కోలగీత, కూర్చున్న రాజుకి రెండు పక్కలా ఒకే మొక్క ఉన్న ముడి, ఇవి కనిపిస్తే వదిలేయండి. పురావస్తు శాఖవాళ్ళ కోనూజ్ ఫ్యాక్టరీ నకళ్ళు మ్యూజియం దుకాణాల్లో దొరుకుతాయి. ధర ఎక్కువే కానీ చిహ్నాలు సరిగ్గా ఉంటాయి, ధ్రువపత్రం ఇస్తారు. ఆ పత్రాన్నీ బిల్లునీ చేతిసంచిలో పెట్టుకోండి, చెకిన్ సామానులో వద్దు. 1983 నాటి 117వ నంబరు చట్టం ప్రకారం అసలు పురావస్తువు దేశం దాటించడం నేరం, ఎయిర్‌పోర్టు స్కానర్‌లో రాతి తల కనిపిస్తే నకలని చూపించుకోవాల్సింది మీరే.